సామాన్లు వాయిదాల్లో కొంటే సిబిల్ పెరుగుతుందా? కొత్త కాపురాల రెండు లెక్కలు

క్లుప్తంగా

కొత్తగా కాపురం పెట్టినవాళ్లకి రెండు అవసరాలు ఒకేసారి మీద పడతాయి. ఇంట్లోకి సామాన్లు కావాలి. రేపు బండికో ఇంటికో లోను దొరకాలంటే సిబిల్ స్కోరూ, అంటే అప్పులు ఎంత సరిగ్గా కడతామో చెప్పే అంకె కూడా కావాలి. ఈ రెండూ ఒకే ఈఎంఐతో తీరిపోతాయని అంగళ్లలో చెబుతున్నారు. అది సగమే నిజం. స్కోరు రావడానికి పెద్ద అప్పు అక్కర్లేదు, నెలనెలా తప్పకుండా కట్టే చిన్న అప్పు చాలు. సామాన్లకి డబ్బు కావాలి, కానీ అంతా ఒక్క నెలలోనే అక్కర్లేదు. ఈ రెండు లెక్కల్నీ కలిపేసినప్పుడే ఖర్చు పెరుగుతోంది, వాయిదా తప్పే ప్రమాదం కూడా అక్కడే ఉంది.

టేబుల్ దగ్గర పది నిమిషాలు

నెల్లూరు మినీబైపాస్‌లో గానీ ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ పెద్ద ఎలక్ట్రానిక్స్ అంగడికి వెళ్తే, ఫ్రిజ్‌ల వరస దాటగానే ఓ చిన్న టేబుల్ కనబడుతుంది. దాని వెనక ఫైనాన్స్ కంపెనీల తరఫున ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఫోన్లు, ట్యాబ్‌లు పెట్టుకుని కూర్చుంటారు. ఆధార్, పాన్ అడుగుతారు, ఫోనుకి ఓటీపీ వస్తుంది, ఓ ఫోటో తీసుకుంటారు, పది నిమిషాల్లో "అప్రూవ్ అయింది సార్" అనో "సిబిల్ లేదు సార్, రావట్లేదు" అనో తేల్చేస్తారు. అప్రూవ్ అయితే దాని వెంటే ఇంకో మాట వస్తుంది: "ఇది సరిగ్గా కట్టుకోండి సార్, మీకు సిబిల్ కూడా బిల్డ్ అవుతుంది."

ఆ మాట అబద్ధం కాదు. కానీ దాన్ని నమ్మి ఫ్రిజ్‌తో పాటు వాషింగ్ మెషిన్, సోఫా, టీవీ కూడా అదే వారంలో తీసుకునేవాళ్లున్నారు, అన్నీ కడితే స్కోరు నాలుగింతలు వేగంగా పెరుగుతుందన్న లెక్కతో. అలా పెరగదు. ఎందుకు పెరగదో చూడాలంటే స్కోరు ఎలా పుడుతుందో ముందు తెలియాలి.

2025లో వచ్చిన రెండు వార్తలు ఈ గందరగోళాన్ని ఇంకొంచెం పెంచాయి. ఒకటి ఆగస్టులో. మొదటిసారి లోను అడిగేవాళ్లకి క్రెడిట్ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు తిరస్కరించకూడదని రిజర్వు బ్యాంకు ముందే చెప్పిందని, కనీస స్కోరు ఇంత ఉండాలన్న నిబంధన ఏదీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌదరి లోక్‌సభకి తెలిపారు. ఇది వాట్సాప్‌లో తిరిగి తిరిగి "సిబిల్ లేకపోయినా లోను ఇచ్చి తీరాలి" అన్నట్టుగా మారిపోయింది. నిజానికి ఆదాయం చాలదనో, ఉద్యోగం కొత్తదనో, ఇప్పటికే ఉన్న అప్పులు ఎక్కువనో బ్యాంకు కాదనవచ్చు. చరిత్ర లేకపోవడం ఒక్కటే కారణం కాకూడదు, అంతవరకే. రెండోది సెప్టెంబరు 22న తగ్గిన జీఎస్టీ. ఏసీలకి, 32 అంగుళాలు దాటిన టీవీలకి పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ 2018 నుంచే 18 శాతంలో ఉన్నాయి కాబట్టి వాటిలో మార్పేమీ లేదు. కొత్త కాపురానికి ముందు కావలసింది ఫ్రిజ్. "జీఎస్టీ తగ్గింది, ఇప్పుడే తీసుకోండి" అన్న మాట దానికి వర్తించదు.

పద్దు పుస్తకం నుంచి ఫైలు దాకా

ఒక తరం కిందట ఈ ప్రశ్నే లేదు. మంచం, బీరువా, బిందెలు, వంటపాత్రలు అమ్మాయి సారెతో వచ్చేవి. మిగతావి చీటీ పాడినప్పుడో, పంట డబ్బు చేతికొచ్చినప్పుడో ఒక్కొక్కటిగా చేరేవి. అరువు కావాలంటే ఊళ్లో అంగడివాళ్లు ఫలానా వాళ్ల అబ్బాయి కదా అని పద్దు పుస్తకంలో రాసుకునేవాళ్లు. ఆ పుస్తకమే ఆనాటి క్రెడిట్ రిపోర్టు. కాకపోతే దాని విలువ ఆ ఊరి పొలిమేర దాకానే.

ఇప్పుడు ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో వచ్చి కృష్ణపట్నం పోర్టులో, నెల్లూరు ఆసుపత్రుల్లో, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో పని చేస్తూ మిద్దె మీద రెండు గదుల పోర్షన్ అద్దెకి తీసుకున్న జంటకి ఊళ్లో ఉన్న పరపతి ఇక్కడ పనికిరాదు. ఆ పుస్తకం స్థానంలోకి ఒక్కొక్కరి అప్పుల చరిత్రనీ ఓ ఫైలుగా దాచే క్రెడిట్ బ్యూరోలు వచ్చాయి. 2000లో మొదలైన సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని దేశంలో నాలుగున్నాయి. సిబిల్ పేరు ముందు నుంచీ వినబడటంతో స్కోరు అంటేనే సిబిల్ అన్నట్టు జనంలో స్థిరపడింది.

నెల్లూరు జిల్లాకి ఈ విషయంలో ఓ ప్రత్యేక చరిత్ర ఉంది. 1990ల మొదట్లో దూబగుంట దగ్గర రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఈ జిల్లా ఆడవాళ్లే రోజుకో రూపాయి దాచే పొదుపు సంఘాలు కట్టారు, పొదుపు లక్ష్మి అన్న పేరు అలాగే వచ్చింది. కిస్తు తప్పకుండా కట్టే క్రమశిక్షణ ఇక్కడ ఇంటింటికీ తెలిసిన విషయమే. కానీ డ్వాక్రా సంఘానికి బ్యాంకు ఇచ్చే లోను సంఘం పేరు మీద ఉంటుంది. పదిహేనేళ్లు ఒక్క కిస్తూ తప్పని అమ్మ తన పేరు మీద సొంతంగా లోను అడిగితే ఆ మంచి పేరంతా ఆమె సొంత ఫైలులో కనబడకపోవచ్చు. ఇది అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ వ్యవస్థ పనిచేసే తీరు ప్రస్తుతానికి ఇదే.

స్కోరు లేకపోవడం వేరు, చెడిపోవడం వేరు

సిబిల్ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. సాధారణంగా 750 దాటితే బ్యాంకులు మంచిదిగా చూస్తాయి. అసలు అప్పే తీసుకోనివాళ్లకి అంకె రాదు, ఎన్‌హెచ్ అనో మైనస్ 1 అనో వస్తుంది. దాని అర్థం చరిత్ర లేదని మాత్రమే. చెడ్డవాళ్లని కాదు. ఖాళీ పలకకీ తప్పులతో నిండిన పలకకీ ఉన్న తేడా ఇది, ఖాళీ పలక మీద ఆరు నెలల్లో రాయొచ్చు, రెండోదాన్ని తుడవడానికి ఏళ్లు పడుతుంది.

ఫైలు తెరుచుకున్నాక అందులో నెలకో గడి ఉంటుంది. గడువుకి కడితే ఆ గడిలో సున్నాలు పడతాయి, ఆలస్యమైతే ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ అంకె పడుతుంది. గత 36 నెలల గడులు లోను ఇచ్చేవాళ్లకి కనబడతాయి. 3,000 ఈఎంఐ కట్టినా 800 కార్డు బిల్లు కట్టినా ఆ గడిలో పడేవి అవే సున్నాలు. ఒకే నెలలో నాలుగు అప్పులు కట్టినంత మాత్రాన నాలుగు నెలల చరిత్ర ఏర్పడదు, కాలం కాలంలాగే నడుస్తుంది. ఆ మాటకొస్తే నాలుగు చోట్ల దరఖాస్తు చేస్తే నాలుగు ఎంక్వైరీలు, అంటే లోను ఇచ్చేవాళ్లు మన ఫైలు అడిగి చూసిన గుర్తులు, నమోదై, అప్పుకోసం ఆత్రంగా తిరుగుతున్న మనిషి అన్న సంకేతం వెళ్తుంది. అంగట్లో ఒక కంపెనీలో రాకపోతే అదే కుర్రాడు ఇంకో రెండు కంపెనీల్లో వేసి చూస్తానంటాడే, అవన్నీ కూడా ఎంక్వైరీలే. మన స్కోరు మనం చూసుకుంటే మాత్రం ఏమీ తగ్గదు.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు బ్యూరోలకి ఒకప్పుడు నెలకోసారి వివరాలు పంపేవి, 2025 జనవరిలో దాన్ని పదిహేను రోజులకోసారికి మార్చారు. మంచి త్వరగా ఎక్కుతుంది, ఆలస్యం కూడా అంతే త్వరగా ఎక్కుతుంది.

"నో కాస్ట్" ఫ్రిజ్‌కి పడే వడ్డీ

ఒక ఫ్రిజ్ తీసుకుని లెక్క వేద్దాం. ధర 24,000. ఎనిమిది వాయిదాలు, నెలకి 3,000, వడ్డీ లేదు. అందులో రెండు వాయిదాలు అంగట్లోనే ముందుగా కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 499, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 589. అదే ఫ్రిజ్‌ని రొక్కం ఇచ్చి బేరమాడితే 22,800కి ఇస్తారనుకుందాం. ఈ అంకెలు ఉదాహరణకే, అంగడిని బట్టి మారతాయి.

వాయిదాల్లో కొన్నవాళ్లు ఆ రోజు చేతి నుంచి పెట్టింది 6,000కి 589 కలిపి 6,589. రొక్కం ధరలో ఇది పోగా మిగిలిన 16,211 మాత్రమే నిజంగా అప్పుగా అందింది. దానికి ఆరు నెలల్లో తిరిగి కట్టేది 18,000. తేడా 1,789. చూడటానికి చిన్న మొత్తమే, కానీ అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి వడ్డీ రేటు లెక్క కడితే ఏడాదికి 37 శాతం దాకా తేలుతుంది. ఊళ్లో మాటలో చెప్పాలంటే నూటికి మూడు రూపాయల వడ్డీ, ఇంకా పైన కొంచెం. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చానంటే ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లు కేకలేస్తారు. అదే వడ్డీ బిల్లులో ఎక్కడా కనబడకపోతే ఎవరూ అడగరు.

ఇది ఎలా సాధ్యమవుతుందంటే, వడ్డీని కొనేవాళ్ల బదులు తయారీ కంపెనీయో అంగడో ఫైనాన్స్ కంపెనీకి కడుతుంది. ఆ ఖర్చు ఎక్కడో రాబట్టుకోవాలి. రొక్కం ఇచ్చేవాళ్లకి దక్కే తగ్గింపు వాయిదాల్లో కొనేవాళ్లకి దక్కకపోవడమే ఆ రాబట్టుకునే దారి. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఈ సున్నా వడ్డీ పథకాలను తప్పుపట్టింది, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచిపెట్టొద్దని బ్యాంకులకి చెప్పింది. 2024 అక్టోబరు నుంచి ప్రతి రిటైల్ లోనుకీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి, అందులో అన్ని ఛార్జీలూ కలిపిన వార్షిక రేటు ఉండాలి. మంచి మార్పే ఇది. అయితే పోగొట్టుకున్న రొక్కం తగ్గింపు ఆ కాగితంలో కూడా కనబడదు. అందుకే టేబుల్ దగ్గరకి వెళ్లక ముందే "రొక్కం అయితే ఎంతకిస్తారు?" అని అడగాలి, ఈఎంఐ మాట ఎత్తకుండా. బేరం తెగాక వాయిదాల ధర అడిగితే తేడా దానంతట అదే బయటపడుతుంది. రెండు ధరలూ నిజంగా ఒకటే అయి, ఫీజు కూడా స్వల్పంగా ఉంటే వాయిదాల్లో కొనడంలో నష్టం లేదు. అలాంటి పథకాలు పండగల సీజన్‌లో ఉంటాయి కూడా.

ఫ్లాట్ వడ్డీ అనేది ఇంకో చిక్కు. "ఏడాదికి 12 శాతమే" అన్నప్పుడు అది మొత్తం అసలు మీద మొదటి రోజు నుంచి చివరి దాకా వేసిన 12 అయితే, నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ తగ్గదు. 24,000కి 12 వాయిదాల్లో నెలకి 2,240 చొప్పున కట్టే ఆ లోను అసలు రేటు 21 శాతం దాటుతుంది.

ఏ అప్పు ఫైలుకెక్కుతుంది

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మామూలుగా నడిచే అప్పులన్నీ ఫైలుకెక్కవు. చీటీ పాట ఎంత నిజాయితీగా కట్టినా సాధారణంగా బ్యూరోకి తెలియదు. బంధువుల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది, డైలీ ఫైనాన్స్, బజారులో కుదువ వ్యాపారి దగ్గర తాకట్టు, ఇవేవీ ఎక్కవు. అద్దె, కరెంటు బిల్లు కూడా మామూలుగా లెక్కలోకి రావు. బ్యాంకులోనో ఫైనాన్స్ కంపెనీలోనో పెట్టిన బంగారం లోను ఎక్కుతుంది. పంట లోను ఎక్కుతుంది. మైక్రో ఫైనాన్స్ అప్పు, ఫోనులో ఓ క్లిక్కుతో తీసుకునే పే లేటర్ బాకీ కూడా లోనులాగే ఎక్కొచ్చు, మూడు వందలు మర్చిపోయినా ఆ ఆలస్యం ఫైలులో కూర్చుంటుంది. అన్నయ్య లోనుకి హామీ సంతకం పెట్టిన విషయం పెట్టినవాళ్లు మరిచిపోయినా ఫైలు మరిచిపోదు.

బంగారం లోను గురించి ఇంకో మాట చెప్పుకోవాలి. చెవి కమ్మలైనా ఉంగరమైనా పెట్టి బ్యాంకులో ఇరవై వేలు తెచ్చుకుని రొక్కంతో బేరమాడటం చాలా సందర్భాల్లో అంగడి ఈఎంఐ కంటే చవక పడుతుంది, పైగా ఫైలుకీ ఎక్కుతుంది. కానీ వ్యవసాయం పేరుతో నాన్నగారు తీసుకున్న బంగారం లోను ఏడాది గడువు దాటినా తిరగరాయించకుండా వదిలేయడం మన ఊళ్లలో మామూలే, ఆ మర్చిపోయిన రోజులన్నీ ఆలస్యంగానే నమోదవుతాయి. ఆ లోను కొడుకు పేరు మీద ఉంటే కొడుకు స్కోరే పోతుంది.

లోన్ యాప్‌ల విషయంలో గట్టిగానే హెచ్చరించాలి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల తరఫున పనిచేసే యాప్‌ల జాబితాని రిజర్వు బ్యాంకు 2025 జూలై నుంచి తన వెబ్‌సైట్‌లో పెడుతోంది. అందులో పేరు లేని యాప్ నుంచి అయిదు వేలు కూడా తీసుకోకూడదు. ఫోనులో కాంటాక్టులన్నీ లాక్కుని బంధువులకి మెసేజ్‌లు పెట్టి పరువు తీసిన కేసులు రాష్ట్రంలో చాలానే చూశాం.

చిన్న కార్డు బిల్లుతో స్కోరు

ఫైలు తెరవడానికి తేలిక దారి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు. స్కోరు లేనివాళ్లకి మామూలు కార్డు దొరకడం కష్టం. డిపాజిట్ హామీగా ఉంటే బ్యాంకుకి భయం లేదు, కొన్ని బ్యాంకులు పది పదిహేను వేల డిపాజిట్‌కే కార్డు ఇస్తాయి. డిపాజిట్‌లో 75 నుంచి 90 శాతం దాకా లిమిట్ వస్తుంది, డిపాజిట్ మీద వడ్డీ మామూలుగానే వస్తుంటుంది. రూపే కార్డు అయితే యూపీఐకి తగిలించి కిరాణా అంగట్లో స్కాన్ చేయొచ్చు.

పదివేల డిపాజిట్, తొమ్మిది వేల లిమిట్ అనుకుందాం. నెలకి ఫోను రీఛార్జి, గ్యాస్ సిలిండర్ మాత్రం దాని మీద వేసి, బిల్లు రాగానే పూర్తిగా కట్టేస్తే చాలు. ఖర్చు మాత్రం ఏమీ పెరగదు, ఎలాగూ పెట్టే ఖర్చే అది. లిమిట్‌లో 30 శాతం లోపు, అంటే 2,700 దాటకుండా వాడటం మంచిది. ఎందుకంటే తొమ్మిది వేలలో ఎనిమిదిన్నర వేలు వాడి పూర్తిగా కట్టినా, బిల్లు తయారైన రోజున ఉన్న బాకీయే చాలాసార్లు బ్యూరోకి వెళ్తుంది, కార్డు అంచుదాకా గీసేస్తున్న మనిషిలా కనబడతారు. మామూలుగా ఓ ఆరు నెలలకి స్కోరు కనబడటం మొదలవుతుంది.

ఈ పద్ధతిలో ప్రమాదం ఒక్కటే, మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాలని చూపించే కొద్ది మొత్తం మాత్రమే కట్టి ఊరుకోవడం. బిల్లు 8,000 వచ్చి 400 మాత్రమే కట్టారనుకోండి. నెలకి మూడున్నర శాతం వడ్డీ అంటే 280, కార్డు వడ్డీ మీద జీఎస్టీ కూడా పడుతుంది కాబట్టి ఇంకో 50. కట్టిన నాలుగు వందల్లో 330 వడ్డీకే పోయి అసలులో తగ్గేది 70. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. సున్నాలు గడిలో పడుతూనే ఉంటాయి, కానీ జేబు ఖాళీ అవుతుంది.

నెలకి అదే ఎనిమిది వేలు

ఇప్పుడు సామాన్ల లెక్క. ఇద్దరి జీతాలు కలిపి 32 వేలు వచ్చే జంట, అద్దె ఏడు వేలు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, టీవీ, సోఫా కలిపి 80 వేల సామాను మొదటి నెలలోనే పది నెలల వాయిదాల్లో తీసుకుంటే నెలకి ఎనిమిది వేలు కట్టాలి. అద్దె, వాయిదాలు పోగా 17 వేలతో ఇల్లు గడవాలి.

అదే ఎనిమిది వేలు ప్రతి నెలా పక్కన పెట్టి రొక్కంతో ఒక్కొక్కటీ కొంటే ఏమవుతుంది? బేరంలో అయిదు శాతం తగ్గినా 76 వేలతో అవే సామాన్లు వస్తాయి, కార్డు కోసం వేసిన పదివేల డిపాజిట్ కూడా కలుపుకుంటే పదకొండో నెలకి అంతా పూర్తవుతుంది. డిపాజిట్ ఎక్కడికీ పోదు. రెండు దారుల్లోనూ నెలకి పెట్టేది ఒకటే, తేడా అల్లా సోఫా పదో నెలలోనో పదకొండో నెలలోనో రావడం. ఇంకో పెద్ద తేడా డెంగీ జ్వరం వచ్చిన నెలలో తెలుస్తుంది. రొక్కం దారిలో ఉన్నవాళ్లు ఆ నెల ఏమీ కొనరు, అంతే. వాయిదాల దారిలో ఉన్నవాళ్లకి నాలుగు ఈఎంఐలు ఒకేసారి బౌన్స్ అవుతాయి, బ్యాంకు ఓ ఛార్జీ, ఫైనాన్స్ కంపెనీ ఓ ఛార్జీ, నాలుగు రెట్లు. స్కోరు తెచ్చుకుందామని మొదలుపెట్టిన పని అదే స్కోరుని మొదటి ఏడాదిలోనే దెబ్బతీస్తుంది.

అన్నీ ఒకేసారి ఎందుకు కొంటారంటే, ఖాళీ ఇల్లు చుట్టాలకి కనబడుతుంది కాబట్టి. ఇంటికొచ్చిన అత్తయ్య "ఇంకా సోఫా తీసుకోలేదా" అన్న మాట వడ్డీ రేటు కంటే బలంగా పనిచేస్తుంది. ఆ ఒత్తిడి నిజమైనదే, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం సరికాదు. కానీ బౌన్స్ ఛార్జీ కట్టేటప్పుడు ఆ అత్తయ్య పక్కన ఉండరు.

ఏది ముందు, ఏది తర్వాత

ఇక్కడి ఎండ, నీళ్లు, తుఫాన్లు ఈ వరసని చాలావరకు నిర్ణయిస్తాయి. గ్యాస్ పొయ్యి, నాలుగు గిన్నెలు, పరుపు, ఫ్యాను మొదటి వారంలోనే కావాలి. ఫ్యాను దగ్గర కక్కుర్తి పడకూడదు. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టూ సరిపెడుతుంది. రోజుకి 15 గంటలు తిరిగే మన ఊళ్లలో ఒక్కో ఫ్యానుకి నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. ఫ్రిజ్ రోహిణి కార్తె దాకా ఆగితే బేరానికి చోటుండదు, చలికాలంలో కొంటే అంగడి ఖాళీగా ఉంటుంది, బేరం కుదురుతుంది.

సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ చవకే, అయితే కావలి, కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్ల నుంచి వచ్చినవాటి వెనక వైపు తుప్పు చూడకుండా తీసుకోకూడదు. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూస్తే కాగితం తేలిగ్గా జారిరాకూడదు. రెండు గంటలు నడిపి చూపించమని అడగాలి, ఒప్పుకోకపోతే వదిలేయడమే. పాత వాషింగ్ మెషిన్‌తో ఇంకా జాగ్రత్త, ప్రకాశం జిల్లాలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన, లోపల తెల్లగా గారకట్టి ఉంటుంది. కుళాయి నీళ్లు రోజూ రాని కాలనీల్లో బకెట్‌తో పోసుకునే సెమీ ఆటోమేటిక్ కొత్తదే నయం, ధర కూడా తక్కువ.

మంచం, టేబుల్ విషయంలో ఈ రెండు జిల్లాలకి మంచి అవకాశాలున్నాయి. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు తలుపులు, దూలాలు పాత కలప అంగళ్లలో దొరుకుతాయి, వడ్రంగితో మంచం చేయిస్తే కొత్త టేకు ఖర్చులో కొంతే అవుతుంది. చీమకుర్తి, ఒంగోలు చుట్టుపక్కల గ్రానైట్ కటింగ్‌లో మిగిలే ముక్కని వెల్డింగ్ అంగట్లో చేయించిన ఇనుప స్టాండు మీద వేస్తే భోజనానికీ, పిల్లల చదువుకీ ఓ తరం నిలిచే బల్ల అవుతుంది. మేడ మెట్లెక్కించడానికి నలుగురు మనుషులు కావాలి, ఇల్లు మారేవాళ్లు అది మాత్రం ఆలోచించుకోవాలి.

ఆఫర్లలో మెరిసే పార్టికల్ బోర్డు కబోర్డులు, మంచాలు తడిని తట్టుకోవు. నెల్లూరులో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు హైవే తెగినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు లోతట్టు ఇళ్లలోకి నీళ్లు చేరాయి. మోకాలి లోతు నీళ్లలో ఒక్క రాత్రి నిలిచిన పార్టికల్ బోర్డు అట్టపెట్టెలా ఉబ్బిపోతుంది, ఎండబెట్టినా మళ్లీ గట్టిపడదు. వాయిదా మనిషి మీద ఉంటుంది, వస్తువు మీద కాదు. కబోర్డు చెత్తలోకి పోయినా మిగిలిన ఏడు ఈఎంఐలు ఎవరూ రద్దు చేయరు. ఇనుప బీరువాని నాలుగు ఇటుకల మీద పెట్టుకునే పాత అలవాటు వెనక ఇలాంటి రాత్రుల అనుభవమే ఉంది.

వాయిదా తప్పితే, తీరిపోతే

కట్టలేని నెల వస్తే ముందే ఫోను చేసి చెప్పడం మంచిది, గడువు తేదీ మార్పించుకోవడానికైనా వీలుంటుంది. 2024 ఏప్రిల్ నుంచి ఆలస్యానికి వేసేది పెనల్ ఛార్జీగానే ఉండాలి, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. మధ్యవర్తులు చెప్పే "సెటిల్‌మెంట్" మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. సగం కట్టి వదిలించుకుంటే ఆ అప్పు ఫైలులో "సెటిల్డ్" అని ఉండిపోతుంది, పూర్తిగా తీర్చిన "క్లోజ్డ్"కీ దానికీ బ్యాంకు దృష్టిలో చాలా దూరం. ఆ దూరానికి ధర ఎంతో తెలియాలంటే ఇంటి లోను చూడాలి. 20 లక్షలు, 20 ఏళ్లు, స్కోరు తగ్గి వడ్డీ ఎనిమిదిన్నర బదులు తొమ్మిది పడితే నెలకి 640 దాకా ఎక్కువ, మొత్తం మీద లక్షన్నర.

పేర్ల తిరకాసు మన దగ్గర ప్రత్యేకంగా ఎక్కువ. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాన్‌లో పూర్తిగా విడదీసి రాసి, బ్యాంకు ఖాతాలో చివరికి వెళ్లిపోతే, ఒకే మనిషికి రెండు ఫైళ్లు తయారవడమో, అదే పేరున్న వేరే మనిషి అప్పు వచ్చి మన ఫైలులో చేరడమో జరుగుతుంది. వెంకటేశ్వర్లులు, సుబ్బారావులు ఊరికి పదిమంది ఉండే చోట ఇది అరుదేమీ కాదు. నాలుగు బ్యూరోలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, కాబట్టి మూడు నెలలకోసారి ఒక్కో బ్యూరో నుంచి తీసుకుంటే ఏడాది పొడవునా రూపాయి ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. తప్పు కనబడితే ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 నుంచి అమల్లో ఉంది.

ఫ్రిజ్ వాయిదాలు తీరిన నెలలో ఫైనాన్స్ కంపెనీ నుంచి నో డ్యూస్ లెటర్ తీసుకుని దాచుకోవాలి. నెలన్నర ఆగి రిపోర్టు తెరిచి, ఆ లోను ఎదురుగా "క్లోజ్డ్" అని, బాకీ సున్నా అని పడిందో లేదో చూడాలి. కట్టేసిన లోను రిపోర్టులో ఇంకా బాకీ చూపిస్తుంటే ఫిర్యాదుకి జతచేయాల్సిన కాగితం ఆ లెటరే.